హార్‌బాటిల్ బడి కిటికీ తగాదా

స్కార్‌బెక్, యార్క్‌షైర్
1978 జనవరి 9

చెల్లీ మ్యూరియెల్,

ఏటా క్రిస్మస్ కార్డు మీద రెండు ముక్కలు గీకి పడేసే అక్క ఇంత లావు కవరు పంపిందేమిటని హడలిపోకు. ఎవరూ పోలేదు. మా వీధిలో పోవలసినవాళ్ళు కూడా మొండిగా బతికే ఉన్నారు.

విషయం ఇదీ. ఈ జూన్‌కి మన హార్‌బాటిల్ బడి పెట్టి వందేళ్ళు. హెడ్‌మిస్ట్రెస్ మిసెస్ డేకర్ మా ఇంటికొచ్చి, నా టీ తాగి, నా బిస్కెట్లు తిని, "బడి చరిత్ర మీరే రాయాలి మిస్ హెస్టర్" అంది. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పినదాన్ని, చరిత్ర ఎక్కడ రాయను అన్నాను. "మీకంటే పాత పంతులమ్మలు మాకెవరూ మిగల్లేదు" అంది. మర్యాద చేసిందో తిట్టిందో తేల్చుకునేలోపు ఒప్పేసుకున్నాను.

బడిలో నా సగం, అగస్టా వైపు చరిత్ర నాకు తెలుసు. వెచ్చగా ఉండేది, కిటికీలు మూసి ఉండేవి, పొయ్యి మండేది, పిల్లలకు లెక్కలు వచ్చేవి. ఇక మీ క్లెమెంటీనా వైపు సంగతి. మంచు పడుతున్నా కిటికీలు బార్లా తెరుచుకుని, నీలం ముక్కులతో మీరేం నేర్చుకున్నారో నువ్వే రాసి పంపు. ఏమైనా నేర్చుకుని ఉంటేనే సుమా.

మరో మాట. స్థాపకుల దినాన పెద్ద హాలు కిటికీని క్లెమెంటీనా వైపు పాత విద్యార్థిని ఒకామె తెరవడం, అగస్టా వైపు ఆమె వచ్చి మూయడం నీకు గుర్తుండే ఉంటుంది. ఈసారి మూసేది నేను. తెరిచేది నువ్వైతే బాగుంటుందని మిసెస్ డేకర్ అంటోంది. నేను అనలేదు, ఆవిడ అంటోంది.

ఫోన్ చెయ్యకు. ఫోన్లో నీ గొంతు అచ్చం అమ్మ గొంతులా ఉంటుంది. విన్నాక నాకు ఆ రోజంతా ఏ పనీ సాగదు.

నీ అక్క,
హెస్టర్

కూంబ్‌మౌత్, డెవన్
జనవరి 14

అక్కా,

పిలిచింది మిసెస్ డేకర్ కాబట్టి జవాబు మిసెస్ డేకర్‌కే రాయాలి. కానీ అమ్మ పిట్ట గురించి ఆవిడ నన్నేమీ అనలేదు, నువ్వు అన్నావు. అందుకని నీకే రాస్తున్నాను.

ముందు మా వైపు చరిత్ర రాసుకో. సిరా బుడ్డీలో సిరా గడ్డకట్టేది. మేం దాన్ని చంకలో పెట్టుకుని కరిగించి కవిత్వం రాసేవాళ్ళం. భూగోళం పాఠంలో అట్లాసు మీద నిజం మంచు పడి, రష్యా ఎక్కడుందో ఎవరూ చెప్పకుండానే తెలిసిపోయేది. చలికి కాలివేళ్ళు వాచి దురద పెడితే ఎవరి వేళ్ళు ఎక్కువ వాచాయో చూపించుకుని గర్వపడేవాళ్ళం. మీ వైపు పిల్లలు పొయ్యి పక్కన కునుకు తీస్తూ కూడికలు చేసుకునేవారు. అదీ తేడా. ఇది రాస్తే ఉన్నదున్నట్టు రాయి, లేకపోతే మానెయ్యి.

ఇద్దరు హార్‌బాటిల్ అక్కచెల్లెళ్ళు ఒకే ఇంట్లో బడి పెట్టి, కిటికీ తెరవాలా ముయ్యాలా అని తగువు పడి, ఇంటిని రెండుగా చీల్చి, రెండు మెట్లదారులు కట్టించి, చచ్చేదాకా మాట్లాడుకోలేదంటే మా ఆయన సెడ్రిక్ నమ్మడు. "ఆడవాళ్ళు కిటికీ కోసం అంత పని చేస్తారా?" అంటాడు. మా ఇంట్లో కిటికీ దగ్గరకి వెళ్ళడానికి ఆయనకెంత భయమో ఆయనకే గుర్తులేదు. ఒక తల్లి పిల్లలని చెరో వైపు వెయ్యాలన్న బడి నియమం లేకపోతే నేనూ నీలాగే వెచ్చగా మొద్దుబారేదాన్నేమో.

ఇక రావడం. అమ్మ పోయిన రోజు వచ్చినవాళ్ళందరి ముందు నన్ను "పిట్టను చంపినదానా" అన్నావు. గదిలో పాతికమంది, ఊపిరాడక కిటికీ తీశాను. అమ్మ చిలక పంజరం తలుపు ఎవరు తీశారో నాకు తెలియదు. ఆ మాట వెనక్కి తీసుకో. కిటికీ తెరవడానికి మరుసటి రైలుకే వస్తాను.

సెడ్రిక్ కోళ్ళు గుడ్లు మానేశాయి. ఆయన వాటితో మాట్లాడి ఒప్పిస్తున్నాడు.

మ్యూరియెల్

స్కార్‌బెక్
జనవరి 20

చెల్లీ,

మాట వెనక్కి తీసుకోను. చిలక వెనక్కి రాలేదు కదా! కల్నల్ అంటే నీకు ఒట్టి పచ్చపిట్ట. నాకు మాత్రం అది రోజూ సాయంత్రం "కిటికీ ముయ్యి, చలేస్తోంది" అని అమ్మ గొంతుతో అనేది. అమ్మ పోయాక ఆ గొంతైనా నా దగ్గర ఉంటుందనుకున్నాను. ఒక్క పూట కూడా ఉండనిచ్చావు కావు. ఇక ఆ సంగతి వదిలెయ్.

చరిత్రకు పనికొచ్చేది నీ ఉత్తరంలో ఒక పేరా ఉంది. చంకలో సిరా బుడ్డీ మాత్రం తీసేశాను. మర్యాదస్తుల పుస్తకం.

ఇక్కడ కొత్త గొడవ మొదలైంది. పాలకవర్గం పెద్ద మిస్టర్ ఆగ్డెన్, తివాచీల వ్యాపారి, నీకు గుర్తుండకపోవచ్చు, అతనికి చెవుల్లో వెంట్రుకలు, నోట్లో పొదుపు. శతాబ్ది కానుకగా బడికంతా రెండు పొరల అద్దాల కిటికీలు బిగించేసి, తెరవడానికి వీల్లేకుండా చేసి, గోడల వెంట వేడినీళ్ళ గొట్టాలు వేయిద్దామంటాడు. మీ వైపు, మా వైపు అన్న తేడా ఉండదు. అంతా ఒకటే వెచ్చదనం. నిన్న మీటింగులో నేను లేచి చాలాసేపు మాట్లాడాను. ఏం మాట్లాడానో చెప్పినా నువ్వు నమ్మవు కనుక చెప్పను. చివరికి ఒక గదికి ముందు బిగించి చూద్దామని తేల్చారు.

నారింజలొచ్చాయి. తొక్కలతో సహా మార్మలేడ్ పాకం కాస్తున్నాను. నీ వంతు సీసా నీకు పంపను, వచ్చి తీసుకో.

హెస్టర్

కూంబ్‌మౌత్
ఫిబ్రవరి 2

మిస్ హెస్టర్ గారికి,

నువ్వు చెప్పకపోతే నాకు తెలియదనుకున్నావా? మన ఊళ్ళో పెగ్గీ అనే మనిషి ఉన్నంతకాలం ఎవరి ఇంట్లో ఏ కుండ పగిలిందో డెవన్ దాకా వినిపిస్తుంది. "మీ అక్క లేచి అరగంట మాట్లాడిందట, ఆ వెంటనే గది కిటికీలు బిగించమని ఆర్డరిచ్చారట" అని రాసింది. వందేళ్ళ మా గాలిని ఒక్క సాయంత్రంలో సీసాలో పెట్టి బిరడా కొట్టించావు. అమ్మ చిలక కోసం నా మీద ఇంత కసి పెట్టుకుంటావని అనుకోలేదు. అత్త మీద కోపం దుత్త మీద చూపిస్తే చూపించావు, ఆ దుత్త మా బడిది.

నేనూ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. క్లెమెంటీనా వైపు పాత పిల్లలందరికీ ఉత్తరాలు రాశాను. ఒక్కొక్కరూ ఆగ్డెన్ ఇంటికి చలివాపు మందు డబ్బా ఒకటి, "మా శీలం ఈ వాపుల చలవే" అన్న చీటీతో పంపుతారు. సెడ్రిక్ మందులకొట్టు మూసేసినప్పుడు మిగిలిన డబ్బాలు అటక నిండా ఉన్నాయి, లేనివాళ్ళకి నేనే సర్దాను. మీ ఊరి పేపరుకు కూడా ఒక ఉత్తరం పడేశాను. చదివి ఆనందించు.

మ్యూరియెల్

స్కార్‌బెక్
ఫిబ్రవరి 11

మ్యూరియెల్,

చదివాను. ఊరంతా చదివింది. "గాలి సోకితే కరిగిపోయే ఒక లెక్కల పంతులమ్మ కుట్ర" అని రాశావు. రొట్టెల కొట్టు దగ్గర అందరూ నన్ను కరుగుతున్నానేమోనని చూశారు. కొట్టు పిల్ల "తలుపు వేసెయ్యనా మిస్, గాలొస్తోంది!" అని పళ్ళికిలించింది. దానికి గుణకారాలు నేర్పింది నేను.

ఇక ఆ డబ్బాలు. పోస్ట్‌మాన్ ఆగ్డెన్ ఇంటికి చేతిబండి మీద తెచ్చాడట. ఆగ్డెన్ భార్య అవి చలివాపు మందని చదవకుండా ముఖానికి రాసుకుంది. ఇప్పుడు ఆవిడ బుగ్గలు మన బడి ఇటుకల రంగులో ఉన్నాయి. చర్చిలో ముసుగు వేసుకుని కూర్చుంది. ఇదంతా నా పనేనని ఆగ్డెన్ నమ్ముతున్నాడు. ఎందుకంటే నేను మీటింగులో మాట్లాడింది కిటికీలు బిగించొద్దనే!

ఔను, బిగించొద్దనే. అరగంట. నేను, అగస్టా వైపు మనిషిని, జీవితంలో ఒక్కసారైనా కిటికీ తీసి ఎరగనిదాన్ని, "క్లెమెంటీనా వైపు గాలి ఆపితే అగస్టా వైపు పొయ్యికి విలువేముంది?" అని ఆగ్డెన్ ముఖం మీదే అడిగాను. మా పిల్లలు లెక్కలు నేర్చింది లెక్కల మీద ప్రేమతో కాదు, మీ పిల్లలను ఓడించాలని. అందరూ ఒకే గొట్టం కింద వెచ్చబడితే ఎవరు ఎవరిని ఓడిస్తారు? ఆఖరికి బడి మొత్తానికని వేసిన ప్లానును ఒక్క గది దగ్గర ఆపింది నేను. పెగ్గీ నీకు కుండ పగిలిన చప్పుడు చెప్పింది కానీ పగలగొట్టిందెవరో చెప్పలేదు.

నువ్వు అడగలేదు. నన్ను ఒక్క మాట అడిగి ఉండవచ్చు. అరవై ఏళ్ళ నుంచి ఎరిగిన అక్కను వదిలి పెగ్గీని నమ్మావు. నాకు చాలా కష్టం కలిగింది, ఇందులో వేళాకోళం లేదు.

స్థాపకుల దినానికి నిన్ను పిలిచిన పిలుపు మిసెస్ డేకర్‌ది అన్నాను. అబద్ధం. అడిగింది నేనే. ఇప్పుడు వెనక్కి తీసుకుంటున్నాను. పెగ్గీని తెరవమంటాను. అది మీ వైపుదే.

హెస్టర్

కూంబ్‌మౌత్
ఫిబ్రవరి 16

అక్కా,

నాకు తప్పయిందని రాయడం చేతకాదని నీకు తెలుసు. అందుకని మార్మలేడ్ పంపుతున్నాను. నీ దగ్గర ఉందనీ తెలుసు. అయినా పంపుతున్నాను.

ఒక్క మాట నువ్వూ రాసి ఉండొచ్చు కదా, "నీ గాలి కోసం నేను పోట్లాడాను" అని! నాలుగు ముక్కలు. "చెప్పినా నమ్మవు" అని ఊరించడం దేనికి?

పెగ్గీకి భుజం నొప్పి, ఆ కిటికీ లాగలేదు. అయినా నీ ఇష్టం. నేను రానులే.

మిసెస్ ఆగ్డెన్ బుగ్గలకి వెన్న రాయమను. సెడ్రిక్ సలహా.

మ్యూ

స్కార్‌బెక్
మార్చి 6

మ్యూరియెల్,

నీ మార్మలేడ్ పలచన. తొక్కలు మరీ పెద్దవి. అయిపోయింది.

రెండు వార్తలున్నాయి. చిన్నది ముందు. పాలకవర్గం మీటింగు శుక్రవారం పడింది. "కొత్తగా బిగించిన గదిలోనే కూర్చుంటే దాని సుఖం అందరికీ తెలుస్తుంది కదా" అని మిసెస్ డేకర్‌కు అమాయకంగా సలహా ఇచ్చాను. ఆగ్డెన్ పొంగిపోయాడు. ఆ గది వంటింటి మీద ఉందనీ, శుక్రవారం చేపలూ క్యాబేజీ ఉడుకుతాయనీ నేను వేరే చెప్పాలా? వేడినీళ్ళ గొట్టం గరగరమంటోంది. కోటు విప్పినవాళ్ళు విప్పారు, చర్చి పాస్టరుగారు కళ్ళు మూసుకుని ప్రార్థన మొదలెట్టారు. ఆగ్డెన్ లేచి కిటికీ దగ్గరికెళ్ళి పిడి కోసం తడుముకున్నాడు. పిడి ఏదీ? "ఎవరైనా కాస్త గాలి..." అన్నాడు. అన్నాడమ్మా, ఆ నోటితోనే! నేను నా కుర్చీలో చేతులు కట్టుకుని కూర్చుని, "మాకిది అలవాటేనండీ, మేం అగస్టా వైపు" అన్నాను. మీటింగు త్వరగా ముగిసింది. బిగించే పని ఆ గదితో ఆఖరు.

ఇప్పుడు పెద్దది. దీనికి కాస్త కూర్చో.

చరిత్ర కోసం ఊరి చివర వృద్ధుల హోమ్‌లో ఉన్న మిస్ టాన్స్‌లీ దగ్గరికి వెళ్ళాను. తొంభై దాటాయి, చెవులు భేష్. హార్‌బాటిల్ అక్కచెల్లెళ్ళ దగ్గర చదివినవాళ్ళలో మిగిలింది ఆవిడొక్కతే. వాళ్ళిద్దరి మధ్య కబుర్లు మోసిన పిల్లల్లో ఆవిడ ఒకతి. "మిస్ అగస్టాతో చెప్పు, ఆవిడ పొగగొట్టం ఊరిని కంపు చేస్తోందని" అని ఒకరంటే, "మిస్ క్లెమెంటీనాతో చెప్పు, ఆవిడ ముక్కు నీలంగా ఉంది, జెండాగా వాడుకోవచ్చని" అని ఇంకొకరు. పిల్లలు వణుకుతూ ఆ మెట్లు దిగి ఈ మెట్లు ఎక్కేవారట. ఆ కథ మనకూ తెలిసిందే. నేను పెన్సిలు తీసి, "ఆ పగ చచ్చేదాకా పోలేదు కదూ?" అన్నాను.

ఆవిడ నన్ను తిక్కమనిషిని చూసినట్టు చూసింది. "పగేమిటి పిల్లా?" అంది. నన్ను, పిల్లా అని.

ఒక శీతాకాలం బడి విడిచాక ఆవిడ ఒక చేతితొడుగు మరిచిపోయి వెనక్కి వెళ్ళింది. టోపీ, రెండు చేతితొడుగులు లేకుండా వీధిలో కనబడితే మన బడి పిల్ల బతుకు ఏమయ్యేదో నీకు తెలుసు. నాలుగు దాటాక బడి లోపల కనబడ్డా అంతే. అందుకని కోట్లు తగిలించే చోట దాక్కుంది. అక్కడ నుంచి చూస్తే, మిస్ అగస్టా గదిలో పొయ్యి మండుతోంది, కిటికీ బెత్తెడు తెరిచి ఉంది. అక్కచెల్లెళ్ళిద్దరూ చెప్పులు విప్పి, ఒకే పళ్ళెంలో వెన్న రొట్టెలు తింటూ, కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వుతున్నారట. "జెండా అన్నప్పుడు టాన్స్‌లీ పిల్ల ముఖం చూశావా?" అని చెల్లెలు. "రేపు నా పొగగొట్టం గురించి ఇంకాస్త ఘాటుగా పంపు, మా వాళ్ళు భిన్నాల్లో వెనకబడ్డారు, మీ మీద కోపమొస్తే గానీ కదలరు" అని అక్క అగస్టా. ఊళ్ళో ఒక్క తండ్రికీ ఆడపిల్లకు లెక్కలెందుకో తెలియని రోజులవి. చదువు కోసం చదవని పిల్లలు ఎదుటి పక్షాన్ని ఓడించడానికి చదువుతారని కనిపెట్టారు ఇద్దరూ. కిటికీ గురించి నిజంగానే పడేది కాదట, పాఠం చెప్పే గది ఒకటి కాకూడదనుకున్నారు. అంతవరకే.

అర్థమైందా? మనది పగటి బడి. పిల్లలు తొమ్మిదికి వచ్చి నాలుగుకి ఇంటికి పోయేవారు. ఒక్క పిల్లయినా రాత్రి అక్కడ పడుకుని ఉంటే ఈ వందేళ్ళ తగాదా వారంలో తేలిపోయేది. అందరూ పగలే చూశారు, పగటిదే నిజమనుకున్నారు. మిస్ టాన్స్‌లీ ఇన్నేళ్ళూ ఎందుకు చెప్పలేదని అడిగాను. "చెబితే నాలుగు తర్వాత బడిలో ఉన్నానని ఒప్పుకోవాలి కదా, నా మంచి నడత పతకం పోదూ?" అంది. ఆ పతకం ఇప్పటికీ మంచం పక్కన ఉంది.

ఇది చరిత్రలో రాయనా, వద్దా? నాకు తోచడం లేదు. ఇక్కడ అడగడానికి ఎవరూ లేరు. పొయ్యి దగ్గర రెండో కుర్చీ మీద పాత పేపర్లు పెట్టుకుంటున్నాను.

హెస్టర్

కూంబ్‌మౌత్
మార్చి 12

అక్కా,

నీ ఉత్తరం నిలబడి చదివాను, తర్వాత మెట్ల మీద కూర్చుని మళ్ళీ చదివాను. సెడ్రిక్ వచ్చి "ఎవరు పోయారు?" అన్నాడు. నవ్వుతున్నానో ఏడుస్తున్నానో ఆయనకి తేల్లేదు, నాకూ తేల్లేదు.

ముందు ఆగ్డెన్ సంగతి. క్యాబేజీ! నువ్వు మా వైపు పుట్టవలసినదానివి.

రాయొద్దు. రాశావంటే రేపటి నుంచి క్లెమెంటీనా వైపు పిల్ల అగస్టా వైపు పిల్లను చూసి ముద్దుగా నవ్వుతుంది. ఇద్దరికీ భిన్నాలు రావు. మిస్ టాన్స్‌లీ పతకం కూడా పోతుంది. "పగ చచ్చేదాకా సాగింది" అని రాయి. ఆ ఇద్దరూ ఎక్కడున్నా నీ పుస్తకం చదివి చెప్పులు విప్పుకుని నవ్వుకుంటారు.

కానీ నాకొకటి తోచింది. వాళ్ళిద్దరికీ రోజూ నాలుగు కొట్టేది. మనిద్దరం అమ్మ పోయినప్పటి నుంచి పగలే పోట్లాడుకుంటున్నాం, అక్కా. మన ఇంట్లో నాలుగు ఎప్పుడు కొడుతుంది?

కల్నల్ గురించి రాద్దామని నాలుగుసార్లు మొదలెట్టి చింపేశాను. నాకు అది ఒట్టి పచ్చపిట్ట కాదు. అది ఎగిరిపోతూ తోట గోడ మీద కూర్చుని "కిటికీ ముయ్యి" అంది. నువ్వు వంటింట్లో ఉన్నావు, వినలేదు. నేను విన్నాను.

మ్యూ

స్కార్‌బెక్
ఏప్రిల్ 2

మిస్ క్లెమెంటీనా వైపు మనిషితో చెప్పండి, ఆవిడ ముక్కు ఇక్కడిదాకా నీలంగా కనబడుతోందని. హాలు కిటికీ బిగుసుకుపోయింది, పెగ్గీ వల్ల కాదు, మొరటు చేతులు కావాలి. వెనక గదిలో పరుపు ఎండలో వేశాను, అంటే యార్క్‌షైర్‌లో ఉన్నంత ఎండలో. రెండో కుర్చీ మీద పేపర్లు తీసేశాను.

ఆ మాట వెనక్కి తీసుకున్నాను. ఏ మాటో నీకు తెలుసు. మళ్ళీ రాయించకు.

హెస్టర్

కూంబ్‌మౌత్
జూన్ 5

మిస్ అగస్టా వైపు మనిషితో చెప్పండి, ఆవిడ పొగ డెవన్‌లో మా కోళ్ళను దగ్గిస్తోందని.

అక్కా, శుక్రవారం బండికి వస్తున్నాను. బండి మూడున్నరకే, కానీ స్టేషన్లో టీ తాగి, టోపీ సరిచేసుకుని, నాలుగు కొట్టాకే నీ తలుపు తడతాను. సెడ్రిక్ కోళ్ళ దగ్గర ఉండిపోతాడట. వాటికి మళ్ళీ బుద్ధొచ్చి గుడ్లు పెడుతున్నాయి, వదిలి రాలేడు.

నా చేతిలో పంజరం ఒకటి ఉంటుంది, మీద గుడ్డ కప్పి. లోపల చిలక పచ్చది కాదు, నీలంది దొరికింది, మా వైపు ముక్కు రంగు. మార్చి నుంచి రోజూ సాయంత్రం దాని ముందు కూర్చుని ఒకటే మాట నేర్పుతున్నాను. సెడ్రిక్‌కు పిచ్చెక్కింది. మొన్న ఆదివారం అది ఆ మాట అంది. నాది అచ్చం అమ్మ గొంతని నువ్వే అంటావు కదా, దానికీ అదే వచ్చింది.

నేను వచ్చేసరికి కిటికీలన్నీ మూసి ఉంచు.

మ్యూరియెల్